మారుమనస్సు, మారువేషం

మా తాతయ్య సాక్ష్యం నాకు కంఠతా వచ్చు. బందరులో నా చిన్నప్పుడు ఏటా ఎండాకాలం మూడు రాత్రులు సువార్త సభలు జరిగేవి. గుడారం, ట్యూబులైట్లు, వాటి చుట్టూ పురుగులు, అరువు తెచ్చిన మైకు. మూడో రాత్రి సాక్ష్యాలు. తాతయ్య పేరు పిలవగానే ఆయన కండువా సర్దుకుని లేచి, గొంతు కొంచెం మార్చి మొదలుపెట్టేవాడు. కల్లు, సారా, పేకాట, తగాదాలు. తర్వాత ఉప్పెన. రాత్రంతా తాడిచెట్టు పట్టుకుని వేలాడటం, దేవుడికి మాట ఇవ్వటం, తెల్లారటం. ఆ రోజునుంచి చుక్క ముట్టలేదు. హల్లెలూయ. ఏటికేడాది తాడిచెట్టు దగ్గర నీళ్లు ఒక అడుగు పెరిగేవి. మేం పిల్లలం లెక్కపెట్టుకుని నవ్వుకునేవాళ్లం.

ఆయన తాగుడు మానేసిన మాట నిజం. దాన్ని తక్కువ చెయ్యను. కానీ కథలు చదవటం మొదలుపెట్టాక, సాక్ష్యం అనేది మన తెలుగులో ఎవరూ గుర్తించని ఒక సాహిత్య ప్రక్రియ అని అర్థమైంది. దానికి లక్షణాలున్నాయి. పాపం భాగం అన్నిటికంటే పొడుగ్గా ఉంటుంది, వినేవాళ్లకు కూడా అదే ఇష్టం. మలుపు ఒక్క రాత్రిలో వస్తుంది. చెప్పదగిన పాపాల జాబితా ముందే తయారై ఉంటుంది: తాగుడు, జూదం, సినిమాలు, మరీ ధైర్యం ఉంటే ఆడవాళ్ల విషయం. నేను విన్న వందల సాక్ష్యాల్లో నూటికి ఐదు రూపాయల వడ్డీ తీసుకున్నాననో, కోడలి కట్నం గురించి వేధించాననో, ఫలానా పేటవాళ్లను ఇంట్లోకి రానివ్వలేదనో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంకో సంగతి. పాపం ఎవరిమీద జరిగిందో వాళ్లు కథలో ఉండరు. తాతయ్య తాగి కొట్టింది నాయనమ్మని. ఆవిడ ఆ సభలోనే ఆడవాళ్ల వైపు, ముసుగు వేసుకుని కూర్చుని ఉండేది.

నాయనమ్మ పోయి మూడేళ్లయింది. ఆవిడ బైబిలు హైదరాబాదులో నా దగ్గరికి చేరింది. అట్ట ఊడిపోయి గుడ్డతో కుట్టిన పుస్తకం, అక్కడక్కడా పెన్సిలు గీతలు. ఆవిడకి నలభై దగ్గర పడేదాకా చదువు రాదు. మా నాన్న దగ్గర అక్షరాలు నేర్చుకుని కూడబలుక్కుంటూ చదివేది. ఈ వ్యాసం సాక్ష్యాల మీద కోపంతో మొదలుపెట్టాను. తప్పు ఆ ప్రక్రియదా, దానికి మూలమైన పుస్తకానిదా తేల్చుకుందామని ఆ గీతల వెంట చదువుతూ పోయాను. నేను వేదపండితుణ్ణి కాదు, పాస్టర్ని అంతకన్నా కాదు. కోడు రాసుకునేవాణ్ణి. తెలుగు బైబిలుని తెలుగు పుస్తకంగా చదవటమే నేను చేసింది.

అలా చదివేవాళ్లు తక్కువ. 1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, డే గ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలు ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో మొదలుపెట్టిన పని, 1812లో సేరంపూర్‌లో మూడు సువార్తలుగా అచ్చయింది. తర్వాత ఎన్నో చేతులు మారింది. అంటే గిడుగు పోరాటానికి దాదాపు వందేళ్ల ముందునుంచే మొదలైన వచనం. ఈ రోజుకీ లక్షలమంది రోజూ పొద్దున్నే బిగ్గరగా చదివే ఆ గ్రాంథికానికి మన సాహిత్య చరిత్రల్లో దొరికే చోటు ఒకటి రెండు పేరాలు. విశ్వనాథ సత్యనారాయణ చదువుకున్న బందరు నోబుల్ కాలేజీ గురించి రాసేవాళ్లు కూడా, ఆ కాలేజీ ఏ పుస్తకం కోసం పుట్టిందో ఆ పుస్తకం జోలికి పోరు.

ముందు మాటలు చూద్దాం. గ్రీకులో ‘మెటనోయియా’ అన్నదానికి మన అనువాదకులు పెట్టిన మాట ‘మారుమనస్సు’. ఎంత తెలివైన మాటో నాకు ఈ మధ్యదాకా తట్టలేదు. ‘మారు’ అంటే మారటమే కాదు, రెండోది అని కూడా. మారు వడ్డన, మారుపేరు, మారుతల్లి. మారువేషం కూడా. పాత మనసుకి మరమ్మతు చేసుకోవటమా, ఇంకో మనసు తెచ్చుకోవటమా, లేక ఉన్న మనసుకి వేషం కట్టటమా? మూడు దారులూ ఆ ఒక్క మాటలో తెరిచే ఉన్నాయి. దాని పక్కన వాడే క్రియ ‘పొందు’. గ్రీకులో అది సూటిగా ‘మీరు మారండి’ అనే ఆజ్ఞ. తెలుగులో మారుమనస్సు ‘పొందాలి’. జీతం పొందినట్టు, ఉపశమనం పొందినట్టు. ఆజ్ఞ రూపం పోలేదు గానీ, అది ఎక్కడినుంచో రావలసిన వస్తువు అయింది. మా సభల్లో ‘ఇంకా మారుమనస్సు రాలేదా?’ అని అడగటం, దానికి మనిషి ‘ఇంకా రాలేదండీ’ అని ఆలస్యమైన ఉత్తరం గురించి చెప్పినట్టు చెప్పటం ఈ వ్యాకరణం పుణ్యమే.

‘పశ్చాత్తాపం’ వేరు. తర్వాత కాలటం. మత్తయి సువార్తలో యూదా ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చిచ్చే చోట అనువాదకులు ఈ మాటే వాడారు, మారుమనస్సు వాడలేదు. గ్రీకులో కూడా అక్కడ వేరే మాటే ఉంది, ఆ తేడాని మనవాళ్లు జాగ్రత్తగా కాపాడారు. యూదా కాలిపోయాడు, ఉరి వేసుకున్నాడు. కాలటం మారటం ఒకటి కాదని పుస్తకం చెబుతోంది. యోనా కథలో అయితే ఈ పశ్చాత్తాపం ఏకంగా దేవుడికే అంటించారు. నీనెవె జనం మారారు, దేవుడు పశ్చాత్తాపపడి చేస్తానన్న కీడు మానేశాడు. సభల్లో యోనా అంటే చేప కడుపు దగ్గరే ఆగిపోతారు. మాట వెనక్కి తీసుకోగల దేవుణ్ణి పిల్లలకి చెప్పటం కష్టమనుకుంటా.

దిద్దుబాటు గురించి అందరూ ఎత్తి చూపించేది తిమోతికి రాసిన రెండో పత్రిక మూడో అధ్యాయం. లేఖనం నాలుగు పనులకి ఉపయోగపడుతుందంటాడు పౌలు: ఉపదేశం, ఖండన, తప్పు దిద్దటం, చివరికి నీతిలో ‘శిక్ష’. నాలుగో మాట దగ్గర తెలుగు చదువరి ఉలిక్కిపడతాడు. గ్రీకులో అది ‘పైడేయ’, పిల్లల్ని పెంచి తర్ఫీదు ఇవ్వటం. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పటమే, వేదాంగాల్లో మొదటిదాని పేరు అదే, శిక్షణలో ఇంకా బతికే ఉంది. కానీ దివిసీమలో శిక్ష అంటే కోర్టు, జైలు, బెత్తం. అనువాదకుడు పాఠశాల అని రాస్తే మా పాస్టర్లు పోలీస్ స్టేషన్ అని చదివారు. మూడో మాటకి గ్రీకు మూలంలో వంగినదాన్ని మళ్లీ నిటారుగా నిలబెట్టటం అనే బొమ్మ ఉందట. పడిపోయిన వరిని కుదురు కట్టి లేపినట్టు అనుకోవచ్చు. మన ‘దిద్దటం’ కూడా మంచి మాటే, పలక మీద అక్షరాలు దిద్దించే చెయ్యి గుర్తొస్తుంది. వినిపించేది మాత్రం ఎప్పుడూ రెండోది, ఖండన.

ఎవరు ఎవర్ని, ఎలా దిద్దాలో మత్తయి 18లో చాలా వివరంగా ఉంది. నీ సోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వొక్కడివే వెళ్లి, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు. వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మా ఆఫీసులో కోడ్ రివ్యూ గురించి కొత్తవాళ్లకి చెప్పేది ఇంచుమించు ఇదే, ముందు పక్కకి పిలిచి చెప్పండి, అందరున్న గ్రూపులో పెట్టకండి అని. నేను చూసిన సంఘాల్లో క్రమం తలకిందులు. మొదటి మెట్టు పులిపీఠం, పేరు చెప్పకుండా ‘మనలో కొందరు’ అంటూ, అందరి మెడలూ ఒకే వైపు తిరిగేలా. దీంట్లో అనువాదం పాత్ర కూడా కొంచెం ఉంది. ఒంటరిగా వెళ్లి చెయ్యమన్న పనికి తెలుగులో వేసిన మాట ‘గద్దించు’. మార్కు సువార్తలో యేసు తుఫాను గాలిని చేసేది కూడా అదే, గద్దించటం. గ్రీకులో ఇవి రెండు వేర్వేరు మాటలు. తెలుగులో ఒకటైపోయేసరికి, తాగొచ్చిన కూలివాడి మీద ఎత్తే గొంతు గాలివాన మీద ఎత్తే గొంతంత అయింది.

ఆ గొంతు ఎటువైపు పోతుందన్నది ఇంకా ముఖ్యం. సమూయేలు రెండో గ్రంథం 12వ అధ్యాయం దగ్గర నాయనమ్మ పేజీ అంచున నిలువుగా పొడుగు గీత గీసింది. దావీదు రాజు ఊరియా భార్యను తీసుకున్నాడు, ఊరియాని యుద్ధంలో ముందువరసలో పెట్టించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి గద్దించలేదు, ఒక కథ చెప్పాడు. బోలెడు మందలున్న ధనవంతుడు, ఒకే ఒక్క గొర్రెపిల్లను కూతురిలా పెంచుకున్న పేదవాడు. ఇంటికి చుట్టం వస్తే ధనవంతుడు తన మంద ముట్టుకోకుండా పేదవాడి పిల్లను కోయించాడు. దావీదు మండిపడి, వాడు చావాల్సిందే, గొర్రెపిల్లకి నాలుగు రెట్లు కట్టాల్సిందే అని తీర్పు చెప్పాడు. అప్పుడు నాతాను చెయ్యి చూపించాడు, ఆ మనిషివి నువ్వే అని. ప్రపంచ సాహిత్యంలో కథ చేసే పని గురించి ఇంతకన్నా సూటి సన్నివేశం నాకు తెలియదు. పాఠకుడు పక్కవాడి మీద తీర్పు ఇచ్చేదాకా ఆగి, అప్పుడు అద్దం తిప్పటం. ఇది దిద్దుబాటు పైకి పోయిన సందర్భం. ప్రవక్త రాజు దగ్గరికి వెళ్లాడు. మన దగ్గర గద్దింపు ఎప్పుడూ పల్లానికే పారుతుంది, కాలవ నీళ్లలాగా.

ఆ తర్వాత దావీదు రాశాడని శీర్షికలో చెప్పే 51వ కీర్తన మా ఇళ్లలో పశ్చాత్తాపానికి జాతీయగీతం లాంటిది. ఆదివారం సంస్కారానికి ముందు పెద్దలు కళ్లు మూసుకుని చదివితే వెన్ను జలదరిస్తుంది, ఇప్పటికీ. అందులో హిస్సోపు అనే మొక్క పేరు అలాగే వదిలేశారు. దివిసీమలో ఎవరూ చూడని మొక్క, అందుకే కాబోలు మంత్రంలా పనిచేస్తుంది. కానీ ఈసారి నాకు ఒకటి అడ్డుపడింది. ఈ కీర్తనలో కవి తన పాపం దేవుడికి, కేవలం దేవుడికే విరోధంగా జరిగిందంటాడు. మరి ఊరియా? చచ్చినవాడు కీర్తనలో ఎక్కడా లేడు. బత్షెబ శీర్షికలో మాత్రం ఉంది, అదీ దావీదు వెళ్లిన చోటుగా. పండితులు దీనికి సమాధానాలు చెబుతారు. ఏ పాపమైనా చివరికి దేవుడి మీదేనని, శీర్షిక తర్వాత చేర్చి ఉండొచ్చని. కావచ్చు. కానీ శతాబ్దాలుగా చదివేవాళ్లు ఆ శీర్షికతోనే చదివారు. నాకైతే తాతయ్య సాక్ష్యానికి మాతృక ఇక్కడే దొరికినట్టనిపించింది. పాపి, దేవుడు, మధ్యలో ఎవరూ లేని ఖాళీ. నాయనమ్మ బైబిల్లో ఈ పేజీ శుభ్రంగా ఉంది. ఒక్క గీత లేదు.

పుస్తకం అక్కడితో ఆగితే నా వ్యాసమూ ఆగిపోయేది. ఆగదు. బలిపీఠం దగ్గర కానుక పట్టుకుని నిలబడ్డప్పుడు నీ మీద ఎవరికో ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి వాళ్లతో సమాధానపడమని మత్తయి అయిదో అధ్యాయం. దేవుణ్ణి కాసేపు ఆగమనటం ఇది. తప్పిపోయిన కుమారుడి కథలో ఇంకో సూక్ష్మం ఉంది. పందుల దగ్గర కూర్చుని ఆ కుర్రాడు తండ్రికి చెప్పాల్సిన మాటలు ముందే కూర్చుకుంటాడు. చివరి వాక్యం, నన్ను కూలివాడిగా పెట్టుకో అని. ఇంటికొచ్చి మొదలుపెడతాడు. ఆ చివరి వాక్యం దగ్గరికి రాకముందే తండ్రి పనివాళ్లకి బట్టలు తెమ్మని పురమాయిస్తాడు. కంఠతా పట్టిన సాక్ష్యాన్ని మధ్యలో ఆపేసిన తండ్రి! మా సభల్లో అలాంటి అధ్యక్షుడు ఒక్కడైనా ఉండుంటే బాగుండేది.

ఇప్పుడు ఉప్పెన. 1977 నవంబరు 19, శనివారం. ప్రభుత్వ లెక్కే పదివేల దాకా చెబుతుంది. నాగాయలంక అవతల మా పల్లెలో మా నాన్న చెల్లెలు పోయింది, నాలుగేళ్ల పిల్ల. నాన్నకి అప్పుడు పద్నాలుగు. సహాయం బియ్యం పంచేచోట ఒక బోధకుడు లేచి, ఇది ఈ సీమ పాపాలకి దేవుడు వేసిన శిక్ష, మారుమనస్సు పొందండి అన్నాడట. నాయనమ్మ బియ్యం తీసుకుని ఇంటికొచ్చి, తర్వాత రెండేళ్లు గుడికి వెళ్లలేదు. ‘నాలుగేళ్ల పిల్ల ఏం పాపం చేసిందిరా’ అని నాన్నని అడిగేదట, ఆయన దగ్గర జవాబు ఉంటుందన్నట్టు. బందరుకి ఇది కొత్త కూడా కాదు. 1864 నవంబరు 1 ఉప్పెనలో పట్టణం, చుట్టుపక్కల ఊళ్లు కలిపి ముప్పై వేలమంది దాకా పోయారంటారు. ఇక్కడ 1843లో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ ఆ మరుసటేడు ఇక్కడే చనిపోయాడు. ఈ తీరంలో శవాల మధ్య నిలబడి దేవుడి గురించి మాట్లాడాల్సిన అవసరం తరానికోసారి వస్తూనే ఉంది.

లూకా 13 సరిగ్గా దీని గురించే. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లకంటే పెద్ద పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదు అని తనే చెబుతాడు. ఆ ‘కాదు’ కింద నాయనమ్మ పెన్సిలు కాగితం చిరిగేంత గట్టిగా నొక్కింది. నిజాయితీగా చెప్పాలంటే వెంటనే రెండో సగం కూడా ఉంది, మీరు మారకపోతే మీరూ అలాగే నశిస్తారని. ఆ బోధకుడి చేతిలో ఈ రెండో సగం ఉంది, దొంగసొత్తేమీ కాదు. కానీ వరస చూడాలి. ముందు చచ్చినవాళ్లని నిర్దోషులుగా పక్కకి తప్పించి, తర్వాత బతికున్నవాళ్ల వైపు తిరుగుతుంది పాఠం. బోధకుడు శవాల్ని సాక్షులుగా నిలబెట్టాడు. పాఠం ఆ పని చెయ్యనివ్వదు. ఆ వెంటనే అంజూరపు చెట్టు కథ. మూడేళ్లుగా కాయటం లేదు, నరికెయ్యమంటాడు యజమాని. తోటమాలి ఇంకొక్క ఏడాది అడుగుతాడు, చుట్టూ తవ్వి ఎరువేస్తానని. కాసిందో లేదో కథలో లేదు. దిద్దుబాటు అంటే పాదు చెయ్యటం అనుకున్న ఈ తోటమాలిని ఉపదేశాల్లో నేను ఎక్కువసార్లు కలవలేదు.

కులం సంగతి ఒకటి చెప్పి ముందుకెళతాను. సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’లో గుడివాడ దళిత క్రైస్తవ జీవితం కనిపిస్తుంది, కల్యాణరావు ‘అంటరాని వసంతం’లో ఇంకో జిల్లా కథ. రెంటిలోనూ మిషన్ చదువు ఎంత చేసిందో తెలుస్తుంది, ఎక్కడ ఆగిపోయిందో కూడా. పుస్తకం చేతికిచ్చి, అందులోని నాతానుని మాత్రం దాచిపెట్టారనిపిస్తుంది నాకు.

జక్కయ్య కథతో ముగిస్తాను. బైబిలు మొత్తంలో ఇంత తెలుగు పేరు ఇంకోటి లేదు, మా వీధిలో అద్దెకుండేవాడిలా ఉంటాడు. సుంకాలు వసూలు చేసేవాడు, పొట్టివాడు, యేసుని చూడటానికి మేడిచెట్టు ఎక్కాడు. మేడి అనగానే మనకు వేమన గుర్తొస్తాడు గానీ ఇక్కడ పొట్ట విప్పింది ఆ మనిషే. ఏడవలేదు, పాత పాపాలు వర్ణించలేదు. ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నది ఎవరికైతే వాళ్లకి నాలుగు రెట్లు అన్నాడు. నాలుగు రెట్లు! దావీదు గొర్రెపిల్లకి చెప్పిన తీర్పే. రాజు పలికి కట్టనిదాన్ని సుంకరి కట్టాడు. మారుమనస్సుకి చిట్టా రాసిన ఏకైక మనిషి.

ఉప్పెన నీళ్లు తీశాక బురదలో తాతయ్యకి ఒక ఇత్తడి బిందె దొరికింది. అప్పుడు ఎవరికి ఏది దొరికితే అది తెచ్చుకున్నారు, దాన్ని దొంగతనం అని ఎవరూ అనలేదు. కుటుంబం బందరు మారాక కూడా ఆ బిందెతోనే నీళ్లు. నాయనమ్మ అక్షరాలు నేర్చుకున్నది బైబిలు చదవటానికి. ఒకరోజు పంపు దగ్గర బిందె తోముతూ మెడ మీద చెక్కిన పేరు కూడబలుక్కుని చదివింది. పక్కపల్లెలో ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయిన ఒకావిడ పేరు. పెళ్లైన ఒక కూతురు మాత్రం గుడివాడలో ఉంది. నాయనమ్మ మా నాన్నని వెంటబెట్టుకుని, బిందెలో నాలుగు కుంచాల బియ్యం పోసి గుడ్డ కట్టి, పెడన, కవుతరం, గుడ్లవల్లేరు మీదుగా రైల్లో గుడివాడ వెళ్లింది. ఇది నాన్న నాకు ఆవిడ పోయాక చెప్పాడు.

ఆ కూతురు బిందె తీసుకుని మెడ మీద అక్షరాలు వేలితో తడిమి చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, ‘బియ్యం ఎందుకు పిన్నీ?’ అంది. ‘ఇన్నేళ్లు వాడుకున్నాం కదమ్మా’ అంది నాయనమ్మ. సాయంత్రం బండికి తిరిగొచ్చేశారు. బిందె ఏదని తాతయ్య అడిగితే, ఇచ్చేశానంది. ఆ ఎండాకాలం సభల్లో కూడా ఆయన సాక్ష్యం చెప్పాడు. తాడిచెట్టు ఉంది, నీళ్లున్నాయి. నాయనమ్మని ఎప్పుడూ ఎవరూ మైకు దగ్గరికి పిలవలేదు.